మామయ్యగారూ నేనూ రాసిన పరీక్ష

పోయిన శుక్రవారం పొద్దున మా మామయ్యగారు కన్నుమూశారు. సూర్యాపేటలో ఆయన దగ్గర తెలుగు చదువుకున్నవాళ్లు చాలామంది చూడటానికి వచ్చారు. ఏదో ఒక మాట తలుచుకుని నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. వాళ్లందరికీ ఆయన పంతులుగారు. నాకు మాత్రం తోటి విద్యార్థి.

నాది కోదాడ. ఇంటర్ అవగానే పెళ్లి చేసి సూర్యాపేట పంపారు. అప్పటికే మామయ్యగారు తెలుగు పండితుడిగా రిటైరయ్యారు. వ్యాకరణంలో దిట్ట. ఇంగ్లీషు మాత్రం రాదు. పంతొమ్మిది వందల ఎనభైల మధ్యలో ఒకరోజు భోజనాల దగ్గర, ఇంట్లోనే చదివి బి.ఏ. రాస్తానన్నారు. నన్నూ రాయమన్నారు.

అత్తయ్య మండిపడింది. "ఈ వయసుల నీకేం బి.ఏ.? కోడలు గూడ సదువుకుంట కూసుంటే వంట ఎవలు జేస్తరు?"

"కూరగాయలు నేను కోస్త. నాకు ఇంగ్లీష్ జెప్పెటోళ్లు కావాలె గద!"

అలా మా వంటింట్లో బడి మొదలైంది. ఆయన బెండకాయలు తరిగేవారు, నేను స్పెల్లింగులు అడిగేదాన్ని. పలకని అక్షరం వచ్చినప్పుడల్లా కత్తి ఆగిపోయేది.

"నోరు దెరవని అక్షరం గీడెందుకు బిడ్డా?"

"అలాగే రాయాలండీ మామయ్యగారూ."

"ఇల్లరికపు అల్లుని లెక్క ఊకె కూసున్నదా!"

పొయ్యి దగ్గర అత్తయ్య పకపకా నవ్వేసింది. ఆ తర్వాత మా చదువును ఒక్క మాటా అనలేదు.

ఇప్పుడు పాసై ఏం చేస్తారని ఒకసారి అడిగాను. "పాసు గాదు బిడ్డా. పొద్దుగాల లేవంగనే తెల్వని ముచ్చట ఒకటి మనకోసం ఎదురుసూస్తుండాలె. గప్పుడే దినం మంచిగుంటది" అన్నారు.

పరీక్షలు మిర్యాలగూడలో. హాల్లో కాపలా ఉన్న లెక్చరరు ఆయన పాత శిష్యుడే. చూడగానే చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. "ఇయ్యాల నువ్వే సారువు. నేను చిట్టీలు పెట్టకుండ జర సూడు" అన్నారు మామయ్యగారు. హాలంతా గొల్లున నవ్వింది. నా పరీక్ష భయం కూడా అక్కడే పోయింది.

చివరి ఏడాది ఫలితాలు పేపర్లో వచ్చాయి. నా నంబరు ఉంది. ఆయనది లేదు. ఇంగ్లీషు పోయిందని తర్వాత తెలిసింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన అప్పటికే చొక్కా తొడుక్కుంటున్నారు. "నడు బిడ్డా, కోదాడ పోదాం. గీ ముచ్చట మీ నాయినకు నేనే జెప్పాలె."

మిట్టమధ్యాహ్నం మా పుట్టింటి ముందు, చెమటలు కారుతూ, చేతిలో జిలేబీ పొట్లంతో నిలబడి కేకేశారు. "బావగారూ! మీ బిడ్డ బి.ఏ. పాసైంది. ఆమె శిష్యుడు ఫెయిలయిండు!"

ఆ కేకకి పక్కిళ్లవాళ్లు కూడా బయటికొచ్చారు. సంతోషించాలో ఓదార్చాలో తెలియక, అమ్మ మజ్జిగ గ్లాసుతో గడపలోనే ఆగిపోయింది. ఆయన పొట్లం విప్పి ఆమె ముందు పెట్టారు.

"తీస్కో చెల్లెమ్మా. రెండు ముచ్చట్లకూ ఇదే తీపి."