మావయ్య చూడని పుంజులు

గడియారాల మావయ్య పుట్టి బుద్ధెరిగాక ఒక్క కోడిపుంజును కూడా చూడలేదు. ఆయన పెరట్లో పద్నాలుగు పుంజులు తిరుగుతున్న మాట నిజమే. అయినా చూడలేదు. ఆయన లెక్కలో గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చిన ప్రతి ప్రాణీ పెట్టే. ఇంకాస్త చనువిస్తే మీసాలున్న పోస్టుమాన్‌ను కూడా పెట్ట అనగల మనిషి.

ఆయనకు బస్టాండు వెనక గడియారాలు బాగుచేసే కొట్టు ఉండేది. అందులో నిలబడితే ఒకరు పడతారు, కూర్చుంటే మోకాళ్ళు వీధిలోకి వస్తాయి. కుడికంట్లో ఎప్పుడూ నల్లటి గొట్టంలాంటి భూతద్దం. దాంతో చూసి చీమ కాలికి చెప్పుల కొలత తీసుకోవచ్చునని ఆయనే చెప్పేవాడు. అంతటి అద్దం ఉన్నవాడికి పుంజుకీ పెట్టకీ తేడా తెలియకపోవడం ఆ వీధిలో నలభై ఇళ్ళకి ఉచిత వినోదం.

కోళ్ళు పెంచేది ఆయన అక్క. ఆవిడ పెరట్లో చట్టం ఒకటే. పిల్లలకు ఆరు వారాలు నిండగానే పెట్టలు ఉంటాయి, పుంజులు కోతకి కోళ్ళ కొట్టుకి పోతాయి. ఏది ఏదో తేల్చడానికి తమ్ముడినే పిలిచేది. కోళ్ళ కొట్టాయన్ని అడిగితే ఆయనకి అన్నీ పుంజుల్లాగే కనిపించేవి మరి.

మావయ్య వచ్చి, అద్దం తుడిచి, పిల్లను ఒళ్ళో పెట్టుకుని రెక్క విప్పి, కాలు కొలిచి, నెత్తిమీది తురాయిని వేలితో తడిమి, పావుగంట తరవాత తీర్పు చెప్పేవాడు.

"పెట్ట."

"తురాయి అంత ఎర్రగా ఉంటేనూ?"

"ఎండ తగిలింది."

"కాళ్ళు చూడరా, ఎంత లావున్నాయో."

"నీ చేతి తిండి అక్కా. నా పొట్ట చూడు."

అని జేబులోంచి గడియారం పట్టీలు కుట్టే దారం తీసి దాని కాలికి కట్టేవాడు. గుర్తుకట. మరో రెండు నెలలకి ఆ పెట్ట గోడెక్కి మెడ సాచి కూసేది.

"ఏవిట్రా అది?"

"దగ్గు."

మర్నాడు మళ్ళీ. "దగ్గు కాదురా, కూస్తోంది."

"దగ్గి దగ్గి గొంతు బొంగురు పోయింది పాపం."

ఈలోగా మెడ చుట్టూ సూదుల్లాంటి ఈకలు దిగేవి, తోక కొడవలిలా వంగేది. "సోకు చేసుకుంటోంది," అనేవాడు మావయ్య. అక్కడితో అక్కకి ఓపిక అయిపోయేది. "నీ తప్పు నువ్వే మేపుకో. తీసుకుపో దీన్ని," అని శిక్ష వేసేది. ఆయన తల వంచుకుని, పుంజును చంకలో ఇరికించుకుని, జైలుకి పోతున్నవాడిలా ఇంటికి నడిచేవాడు. ఇలా పద్నాలుగు శిక్షలు పడ్డాయి.

ఆ పద్నాలుగూ ఆయన పెరట్లో పెళ్ళికాని అన్నదమ్ముల్లా సర్దుకుపోయాయి. ఒక్క పెట్ట కూడా లేదు కనక కొట్లాటా లేదు. కాకపోతే ఇంట్లో నలభై గడియారాలు, బయట పద్నాలుగు గొంతులు, ఏ రెండూ ఒకే టైము చెప్పేవి కావు. ఆ ఇంటి పక్కన తెల్లవారడం మూడింటికి మొదలై తొమ్మిది దాకా సాగేది.

దీనివల్ల కొట్టు కూడా దెబ్బతింది. "పుంజును పెట్ట అనేవాడు పన్నెండును ఆరు అనడా?" అని జనం వంతెన దగ్గర కొత్త కొట్టుకి పోవడం మొదలుపెట్టారు. మావయ్య నవ్వి ఊరుకునేవాడు.

అక్కకి ఒక్కతే కూతురు, మందుల కొట్టులో పనిచేసేది. ఆ ఏడాది పొదిగిన గుడ్లలో ఆఖర్న పగిలినదాంట్లోంచి వంకర వేలున్న పిల్ల ఒకటి బయటపడింది. నిలబడటానికి కూడా సత్తువ లేదు. ఆ అమ్మాయి దాన్ని ఖాళీ మందుల అట్టపెట్టెలో పెట్టి, డ్రాపర్‌తో నీళ్ళు తాగించి బతికించింది. వంకరవేలు అని పేరు కూడా పెట్టింది. ఆరు వారాలకి వంకరవేలు ఛాతీ విరుచుకుని చీపురు మీదికి యుద్ధానికి వెళ్ళేది. తురాయి ఎర్ర మిరపపండు.

"దీనికి అద్దం అక్కర్లేదు," అంది వాళ్ళమ్మ. ఈసారి కోళ్ళ కొట్టాయన బుట్టతో సహా వచ్చాడు.

"పుంజే అమ్మా. కళ్ళు మూసుకుని చెబుతా."

"తెరిచి చూడరాదూ," అన్నాడు మావయ్య. తను పావుగంట చూశాడు. అమ్మాయి బుట్టకి అడ్డంగా నిలబడింది.

"పెట్ట."

"ఒరే, నువ్వు పెట్ట అన్న పద్నాలుగు నీ పెరట్లో కూస్తున్నాయి."

"ఇది కూస్తే నా అద్దం నీకిచ్చేస్తానక్కా. మళ్ళీ కంట్లో పెట్టను."

అద్దం పోతే కొట్టు లేదు.

"నాకెందుకురా అది, బియ్యంలో రాళ్ళేరడానికా? సరే, గుడ్డు పెడుతుందేమో చూస్తాను. కూసిందా, నీ అద్దమూ ఉండదు, ఇదీ ఉండదు. ఈసారి నీకు కూడా ఇవ్వను."

మావయ్య వంకరవేలు ఎడమకాలికి దారం కట్టి వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండా మేనకోడలు తవుడు సంచి ఇవ్వడానికి ఆయన పెరట్లోకి వెళ్ళింది. పుంజులు కాళ్ళకి అడ్డం పడుతుంటే కిందికి చూసింది. పద్నాలుగింటికీ దారం ఎడమకాలికే ఉంది. ఆమెకి చప్పున చిన్ననాటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. గడియారం విప్పినప్పుడల్లా మావయ్య మూత లోపల సూదితో చిన్న గీత గీసేవాడు. ఎడమవైపు గీత ఉంటే లోపలి భాగం మార్చాడని, కుడివైపు ఉంటే శుభ్రం మాత్రం చేశాడని అర్థం. "ఎవరికోసం మావయ్యా?" అని అడిగితే, "బయటివాళ్ళకి నోటిమాట చాలు. ఇది నాకు," అనేవాడు.

ఆమె పరుగున ఇంటికొచ్చి అమ్మ పెట్టల్ని పట్టుకుని చూసింది. పదకొండు పెట్టలకీ కుడికాలే. ఒక్కటి తేడా లేదు. ఆమె బోర్లించిన బకెట్టు మీద కూలబడింది. ఆరో వారానికే ఆయనకి అన్నీ తెలుసు. తెలిసే పెట్ట అన్నాడు, తెలిసే తిట్లు తిన్నాడు, తెలిసే పద్నాలుగు శిక్షలు చంకన పెట్టుకుపోయాడు.

అప్పుడు వంకరవేలు గుర్తొచ్చింది. దానికీ ఎడమకాలే.

అమ్మతో చెబితే రేపటినుంచి ఏ పిల్లకీ దిక్కుండదు. అందుకని ఆమె నోరు మూసుకుని చెవులు తెరిచి పెట్టుకుంది. పొద్దున్నే ఎవరి తలుపు కిర్రుమన్నా పెరట్లోకి పరిగెత్తేది. మందుల కొట్టులో ఎవరైనా దగ్గుమందు అడిగితే ఉలిక్కిపడేది. మావయ్య మాత్రం కొట్టులో మిగిలిన గడియారాలన్నీ వరసగా బాగుచేసి ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తున్నాడు. కొత్తవి ఒప్పుకోవడం లేదు.

ఐదో నెల దాటాక ఒక ఆదివారం పొద్దున మావయ్య వచ్చి కూర్చున్నాడు. వంకరవేలు గోడెక్కింది. మెడ సాచింది. ముక్కు తెరిచింది. మావయ్య చెయ్యి జేబులోని అద్దం మీదికి వెళ్ళింది. అమ్మాయి కళ్ళు మూసుకుంది.

వంకరవేలు ఆవులించింది. కిందికి దూకి, తన పాత అట్టపెట్టెలో దూరి, అరగంట కూర్చుని, ఇల్లెగిరిపోయేలా కొక్కొక్కొ అని అరుస్తూ బయటికొచ్చింది. పెట్టెలో గుడ్డుంది, ఇంకా వెచ్చగా.

అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నిజంగానే పెట్ట. ఇదిగో, మీ మావయ్యకి కళ్ళొచ్చాయే," అని వీధి గుమ్మంలోకి వెళ్ళి నలభై ఇళ్ళకీ వినిపించేలా చెప్పింది. ఆ సాయంత్రానికే వంతెన దగ్గరికి పోయిన గడియారాలు రెండు వెనక్కి వచ్చాయని తరవాత తెలిసింది.

మావయ్య ముఖంలో గెలిచిన కళ లేదు. అద్దం కంట్లో పెట్టుకుని ఆ గుడ్డును పావుగంట చూశాడు. ఆనక వంకరవేలును ఒళ్ళోకి తీసుకుని, ఎడమకాలి దారం విప్పి కుడికాలికి కట్టాడు. మేనకోడలు పక్కన కూర్చుని ఆ ముడి పడేదాకా చూసింది.

"మొత్తానికి ఇన్నేళ్ళకి ఒక్కటి సరిగ్గా చెప్పావు మావయ్యా," అంది, గుమ్మంలో ఉన్న అమ్మకి వినపడేలా.

మావయ్య గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఈ ఒక్కదాంట్లోనే పొరబడ్డాను."