ఆలూ చాప్, అప్ప డబ్బా, హిజ్లీ దారి

"నా కుట్టుమిషను నీ కూతురికి ఇచ్చేస్తాన్రా, వచ్చి అట్టుకెళ్లు" అని ఖరగ్‌పూర్ నుంచి మా అక్క సత్యవతి, మా వైపు మాటలో అప్ప, ఫోన్ చేసినప్పుడు నాకు నవ్వు రాలేదు. గుండుసూది ఇచ్చినా మర్నాడు తిరిగి అడిగే మనిషి ఆవిడ. ఏడాదిగా ఒంట్లో రక్తం తగ్గిపోతోంది. ఐరన్ మాత్రలు మింగింది, రక్తం ఎక్కించుకుంది, మళ్లీ పాలిపోయింది. పెద్ద రోగమేనని తనకు తనే తీర్పు చెప్పుకుని సామాను పంచడం మొదలుపెట్టింది. వర్క్‌షాపులో పనిచేసే మా బావ వెల్లూరు పెద్దాసుపత్రికి టికెట్లు తీశాడు. అంతలో ఊరి పక్కనే ఉన్న హిజ్లీ దాటాక ఒక బడిలో కడుపులో పురుగులకి ఉచితంగా మలపరీక్ష చేస్తున్నారని, వాళ్లిచ్చిన డబ్బాలో నింపి పట్టుకెళ్లాలని తెలిసింది. "మీ అప్ప ఆ డబ్బా ఇవ్వనంటాంది. నువ్వొచ్చి సెప్పు" అన్నాడు బావ. మిషను కోసం ఒక గోనెసంచి, తాడు పట్టుకుని బయల్దేరాను.

విజయనగరంలో సాయంత్రం హౌరా బండి ఎక్కితే తెల్లారేసరికి ఖరగ్‌పూర్. స్లీపర్ నాలుగైదు వందల్లో అయిపోతుంది. దిగిన చోటే టీ తాగేయండి, ఆ ప్లాట్‌ఫారం చివరికి నడిచేసరికి తాగిందంతా అరిగిపోతుంది. అక్కడి నుంచి రైల్వే క్వార్టర్లుండే ట్రాఫిక్ అనే పేటకి టోటోలో, అంటే బ్యాటరీ ఆటోలో, ఇరవై రూపాయలు. నేను వచ్చీరాని బెంగాలీలో బేరమాడుతుంటే డ్రైవర్ దాదా కాసేపు ఓపిక పట్టి, "తెలుగులోనే తిట్టండి బాబూ, నాకు తెలుస్తాది" అన్నాడు.

అప్ప క్వార్టర్ వెనక, కాలవ గట్టున, పాలకూర మడిలో వట్టికాళ్లతో నిలబడి ఉంది. ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. నాలుగు ఆకులు కోసి ఆయాసంతో కూలబడింది.

"డబ్బా ఇవ్వనన్నావంట, ఏటి అప్పా?"

"అక్కడ పరీక్ష సేసేది మన ఈధి కల్యాణిరా. దొడ్డికెళ్లింది దాని సేతిలో ఎట్టి, రేపు కొళాయి కాడ దాని మొహం ఎలా సూస్తాను?"

"మరి వెల్లూరోళ్లకి ఇస్తావేటి?"

"అక్కడ నన్నెవడెరుగును."

బావ ఎంతో బతిమాలాక మర్నాడు డబ్బా సంచిలో అడుగున పెట్టుకుంది గానీ, ఇస్తానని మాత్రం అనలేదు.

హిజ్లీ దారిలో ఒక దీదీ వేడివేడిగా ఆలూ చాప్, అంటే బంగాళాదుంప బజ్జీ, వేస్తోంది. ఒకటి పది రూపాయలు, మరమరాలు కలుపుకుని తినాలి, తప్పక ఆగండి. బావ నా పేరూ రాయించి నాకూ ఒక డబ్బా తెచ్చాడు. ఒక చాప్ తిని, రెండోదాన్ని టీ చుక్కతో మెదిపి నా డబ్బాలో కూరాను. "ఏ కీ కోర్‌ఛేన్ దాదా?" అని, ఇదేం పనన్నట్టు, దీదీ గరిటె ఆపేసింది. "ఇంటికి ప్రసాదం" అన్నాను.

బడిలో కల్యాణి గాజుపలక మీద నా ప్రసాదాన్ని రవ్వంత రాసి, మైక్రోస్కోపులో చూసి, ఒక అయొడిన్ చుక్క వేసింది. దుంపలో పిండికి అది కాస్తా సిరాలా నల్లబడింది. పాతికమంది కూర్చున్న గదిలో తల కూడా ఎత్తకుండా అడిగింది: "బాబాయ్, ఈ బంగాళాదుంప నీ కడుపులోకి ఎల్లకుండానే ఇలాగొచ్చిందేటి? చాప్ బాగుందా? ఉల్లిపాయ కూడా అవుపిస్తంది."

గదంతా నవ్వింది. వాళ్లందరి మధ్య అప్ప గొంతు వినిపించింది. కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లనీళ్లు కారేలా నవ్వుతోంది. "నీకు సిగ్గు నేదురా! ఈడి ముందు నాకేటే సిగ్గు, ఇదిగో" అంటూ సంచి అడుగునుంచి డబ్బా తీసి కల్యాణి చేతిలో పెట్టింది. అప్పని నవ్వించడానికే చేశానని ఇప్పుడు గొప్ప చెప్పుకోవచ్చు. నిజానికి కల్యాణిని ఏడిపిద్దామనే చేశాను.

కాసేపయ్యాక కల్యాణి అప్ప డబ్బాలోది పలక మీద రాసి, నన్ను పిలిచి చూడమంది. కన్ను ఆనించాను. సన్నటి గాజుపెంకు, కోడిగుడ్డు తీరు, లోపల ఒకదాన్నొకటి ఆనుకుని నాలుగు మెత్తటి ముద్దలు. దేవుడి మీదైనా జోకు వేసేవాణ్ని, ఇంకోసారి చూస్తానని బతిమాలాను. అంత అందంగా ఉంటుందనుకోలేదు. "కొంకిపురుగు గుడ్డు, బాబాయ్. పురుగులు పేగుని పట్టుకుని రక్తం తాగుతాయి. గుడ్లు బయటికొచ్చి తడిమట్టిలో పిల్లలవుతాయి. వట్టికాళ్లలోంచి మళ్లీ ఒంట్లోకి ఎక్కుతాయి."

అప్ప కూడా చూసింది. చాలాసేపు కన్ను తియ్యలేదు. "ఇంతేనా? ఇదా నా రక్తమంతా తాగింది?" అంది. తర్వాత మెల్లగా, "మడిలో సెప్పులేస్తే లచ్చిందేవి పోతాదని..." అని ఆగిపోయింది.

డాక్టరు పురుగుల మాత్ర ఇచ్చి, ఐరన్ మళ్లీ రాసి, కొన్ని వారాలయ్యాక రక్తం చూసి అప్పుడు వెల్లూరు సంగతి ఆలోచిద్దామన్నాడు. బావ టికెట్లు రద్దు చేశాడు.

ఒక మనిషి చావుకి సిద్ధపడితే, ఆ కారణాన్ని పట్టిచ్చిన గుడ్డు ఆవగింజలో వెయ్యోవంతు కూడా లేదు. దాన్ని చూడ్డానికి ఒక గాజుపలక, ఒక చుక్క నీళ్లు, మన వీధి పిల్ల కళ్లు చాలాయి. మొన్న ఫోన్ చేస్తే అప్ప గొంతు వెనక మిషను చప్పుడు. "రక్తం పెరిగిందంట్రా. నీ కూతురికి జాకెట్టు కావాలంటే కొలతలు పంపు, మిషను మాట ఎత్తకు" అంది.

మీరూ ఇలాంటి పరీక్షకి వెళ్తే, డబ్బా ఆ పొద్దున్నే నింపి, మూత బిగించి, వీలైనంత బేగి చేర్చండి. గోనెసంచి మాత్రం తీసుకెళ్లకండి. నాది ఖాళీగానే తిరిగొచ్చింది.