వాసన తెలియని వారం

రై అనే ధాన్యంతో చవక విస్కీ కాచే కర్మాగారంలో రుచి చూసే పెద్దాయన పొద్దున్నే ఏమీ తినడు. గ్లాసులో నాలుగు చుక్కల నీళ్లు కలిపి, కళ్లు మూసుకుని వాసన పీల్చి, ఒక్క గుక్క నోట్లో తిప్పి ఉమ్మేస్తాడు. "ధర తక్కువైతే రుచి తక్కువ కావాలా?" అంటూ ఎన్ని పీపాలు వెనక్కి పంపాడో. మొన్నటి జ్వరంతో ఆ ముక్కు కాస్తా మొద్దుబారింది. ఉద్యోగం పోతుందన్న భయంతో వారంగా రోజువారీ కాగితంలో అన్నీ బాగున్నాయనే రాశాడు. ఇవాళ మాత్రం అలా రాయడానికి మనసొప్పలేదు. గ్లాసులు కడిగే ఆవిడను పిలిచాడు.

"నాకు వాసన తెలియడం లేదమ్మాయ్. కాస్త నువ్వు చూడు."

ఆమె చేతులు తుడుచుకుని గ్లాసు అందుకుంది.

"మిరియాల ఘాటు బాగానే ఉంది బాబాయ్. అడుగున తడిచెక్క కంపు. నిన్న కడిగిన గ్లాసులోనూ ఇదే కంపు."

"మరి నిన్న చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు?"

ఆయన నిన్నటి కాగితం తీసి, తన రాత తానే కొట్టేశాడు. కలం ఆమె చేతికిచ్చి, కుర్చీలోంచి లేచాడు.