రొట్టె తిప్పే చోట

మా అమ్మాయిని తెలుగులో ఏమడిగినా ఇంగ్లీషులోనే జవాబిస్తుంది. అదే పిల్ల టర్కీ పాట మాత్రం గుక్క తిప్పుకోకుండా పాడేస్తుంది. బర్మింగ్‌హామ్‌లో మా పక్క ఫ్లాట్ ఆంటీది టర్కీ. నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా పిల్ల ఆవిడ వంటింట్లోనే ఉండేది. ఆంటీ పెనం మీద రొట్టెలు కాలుస్తూ పాడేది, ఇది పక్కన కూర్చుని తింటూ నేర్చేసుకుంది. నా దగ్గర సరళీస్వరాలు కూడా దాటని పిల్ల! నాకు కాస్త కుళ్ళుగానే ఉండేది.

నిరుడు ఆంటీకి గొంతు ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది గానీ మాట పోయింది. సరిగ్గా అప్పుడే ఇక్కడి మ్యూజిక్ కాలేజీ వాళ్ళు టర్కీ కుటుంబాల నుంచి పల్లెపాటలు సేకరించడం మొదలుపెట్టారు. రికార్డు చేసి, స్వరాలు రాసి, విద్యార్థుల చేత పాడిస్తారు. ప్రతి పాట పైనా అది ఏ ఊరిది, ఎవరి నోటి నుంచి వచ్చింది అన్నది రాస్తారు. అక్కడ వాళ్ళమ్మ పేరు చూడాలని ఆంటీ ఆశ. ఆ పాట నేర్పింది వాళ్ళమ్మే. ఆంటీ కొడుకులెవరికీ అది రాదు. ఇక మిగిలింది మా పిల్ల.

నేను ఊరుకుంటానా? విజయవాడలో ఏళ్ళ తరబడి కర్ణాటక సంగీతం నేర్చుకున్నదాన్ని. పిల్లను పాడమని విన్నాను. ప్రతి చరణంలోనూ ఒకచోట తాళం తప్పి ఆగిపోతోంది. రోజూ సాయంత్రం కూర్చోబెట్టి, తొడ మీద తాళం వేస్తూ, ఆ సందులన్నీ పూడ్చి పాటను ఆదితాళంలోకి తెచ్చాను. పిల్ల ఇంగ్లీషులో ఏదో గొణిగి మొహం మాడ్చుకుంది గానీ నేను పట్టించుకోలేదు.

కాలేజీలో టర్కీ మాస్టారు పొడుగు మెడ ఉన్న తీగల వాయిద్యం ఒళ్ళో పెట్టుకుని పిల్ల కోసం, ఆంటీ కోసం, నాకోసం ఎదురుచూస్తున్నారు. పిల్ల నేను దిద్దినట్టే పాడింది. మొదటి చరణం అవగానే ఆంటీ చెయ్యెత్తి ఆపేసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల అడ్డంగా ఊపి, అరచేతిని ఒకసారి బోర్లించి చూపించింది. మాకెవరికీ అర్థం కాలేదు, పిల్లకు తప్ప.

“ఐ టోల్డ్ యూ, మమ్మీ. అక్కడ రొట్టె తిప్పాలి.”

కోపమొస్తే దానికి తెలుగొస్తుందని ఆరోజే తెలిసింది. అది ఆడవాళ్ళు పెనాల ముందు కూర్చుని కలిసి పాడుకునే పాటట. రొట్టె తిప్పేంతసేపు అందరూ ఆగి, తిప్పాక మళ్ళీ అందుకుంటారట. ఆ ఆగడాన్ని కూడా రాసుకోవాల్సిందేనన్నారు మాస్టారు. నన్ను మాత్రం చేతులు కట్టుకుని కూర్చోమన్నారు. పిల్ల మళ్ళీ మొదటి నుంచి, ఆంటీ వంటింట్లో పాడినట్టే పాడింది.

ఈ వేసవిలో కాలేజీ హాల్లో జరిగిన కచేరీలో ఆ పాట పెట్టారు. మా చేతికిచ్చిన కాగితంలో పాట పైన ఊరి పేరు, ఆంటీ వాళ్ళమ్మ పేరు, తర్వాత ఆంటీ పేరు, ఆ తర్వాత మా ఇంటిపేరుతో సహా మా అమ్మాయి పేరు ఉన్నాయి. గర్వంతో నేను కుర్చీలో నిలవలేకపోయాను. స్టేజీ మీద టర్కీ పిల్లలు, ఇంగ్లీషు పిల్లలు, వాళ్ళ మధ్యలో మా పిల్ల. చరణం సగంలో అందరూ ఒక్కసారిగా ఆగారు. నా పక్కన కూర్చున్న ఆంటీ, ఒళ్ళో పెట్టుకున్న చేత్తో రొట్టె తిప్పింది. అప్పుడు పిల్లలంతా పాటను మళ్ళీ అందుకున్నారు.