క్రోసాంట్ ఎవరికి?

నారాయణఖేడ్ బస్టాండు వెనక వీధిలో మంచి క్రోసాంట్లు దొరుకుతాయని లాడ్జి యజమాని చెబితే నేను నమ్మలేదు. అయినా పొద్దున్నే వెళ్లి చూశాను. చిన్న బేకరీ. అద్దాల బీరువాలో నెలవంకల్లా వంచిన పొరల రొట్టెలు నిజంగానే ఉన్నాయి.

రెండు ఇమ్మన్నాను. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దామె కవరు తీస్తూ, "దవాఖానల ఎవరున్నరు బిడ్డా?" అంది.

ఎవరూ లేరన్నాను.

"మరి ఇంట్ల ఎవరికన్న జరమా?"

పొద్దున్నే బేకరీకి వచ్చేది రోగులను చూడబోయేవాళ్లేనట. జొన్నరొట్టె తినే ఇళ్లలోకి ఇలాంటి మెత్తటి రొట్టె వెళ్లిందంటే ఎవరో మంచాన పడ్డట్టే లెక్క. నాకోసమే కొంటున్నానని చెప్పాను. ఆమె నా మొహంలోకి కాసేపు పరీక్షగా చూసింది. కవరులో వేసినవి పక్కన పెట్టి, లోపలికి వెళ్లి వేడివి తెచ్చిచ్చింది.

అక్కడే నిలబడి తిన్నాను. పైపొర కరకరలాడింది, లోపల వెన్న వాసన. హైదరాబాదులో తిన్నవేవీ దీనికి సాటిరావు. ఆ మాటే ఆమెతో అన్నాను.

"నోటికి రుచి తెలుస్తున్నదా? అయితే ఇగ తగ్గినట్టే బిడ్డా," అంది ఆమె.