ఐదేసి గులాబీలు

మొయినాబాద్‌లో ఇంజినీరింగ్ చదివేటప్పుడు ఆటోమేటా అనే, కాగితం మీద గీసే ఊహా యంత్రాల పేపర్ రెండుసార్లు తప్పాను. మూడోసారీ తప్పితే కాలేజీకి వచ్చే సాఫ్ట్‌వేర్ కంపెనీ పరీక్షకు కూర్చోనివ్వరు. ఎవరిని కదిపినా సాఫ్ట్‌వేర్ మాటే మాట్లాడే రోజులవి. నాకేమో కోపం ముక్కు మీదుండేది. పుస్తకాన్నీ తిట్టేదాన్ని, రాసినాయననూ తిట్టేదాన్ని.

నన్ను ముంచిన లెక్క ఒకటే. ‘ఎ’, ‘బి’ అక్షరాలు ఎన్నైనా, ఎలాగైనా వస్తాయి. వాటిలో ‘ఎ’లు ఏదీ మిగలకుండా ఐదేసి చొప్పున సరిపోయాయో లేదో యంత్రం చెప్పాలి. దానికి అంకెలు దాచుకునే చోటే లేదు. మరి ఎలా లెక్కపెడుతుందో నా బుర్రకెక్కేది కాదు.

అమ్మ చేవెళ్ల దారిలోని గులాబీ తోటలో పనిచేసేది. ఒక సెలవురోజు సాయం వెళ్లాను. ముళ్లు తీసిన పూలను ఐదేసి చొప్పున పేర్చాలి. పక్కన కూర్చున్నామె పలకరించగానే నా లెక్క తప్పింది. మళ్లీ తప్పింది. విసుగొచ్చి పూలు పక్కన పడేశాను. అమ్మ మాత్రం ఆమెతో ముచ్చట్లాడుతూనే పేరుస్తోంది.

“నీకెట్ల యాదుంటది అవ్వా?” అని అమ్మనడిగాను.

“యాదెందుకు బిడ్డా? చేతిల సూడు.”

వేళ్ల మధ్య నాలుగు సందులు, సందుకో కాడ. ఐదోది అందగానే అన్నీ కింద పెడుతుంది. వాడిన పువ్వు వస్తే అవతల పారేస్తుంది, చేతిలోవి అలాగే ఉంటాయి. పొద్దుటి నుంచి ఎన్ని పేర్చిందో ఆమెకు తెలియదు, అక్కర్లేదు కూడా. ఖాళీ చెయ్యి, ఒకటి, రెండు, మూడు, నాలుగు. యంత్రానికి ఆ ఐదు స్థితులు చాలు. మంచి పువ్వు ‘ఎ’, వాడిన పువ్వే ‘బి’. నాకు ఏడుపొచ్చింది. నన్ను పెంచిన చేతిని నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు.

పరీక్షలో అలాంటి లెక్కే వచ్చింది. స్థితికొకటి చొప్పున ఐదు వృత్తాలు గీశాను. అసలు ఒక్క ‘ఎ’ కూడా రాకపోతే ఒప్పా, తప్పా అని కాసేపు ఆగాను. చేతిలో ఏదీ మిగల్లేదు కదా, ఒప్పే అనుకుని రాసేశాను.

ఫలితాలొచ్చిన రోజు బస్సు దిగి తోటలోకి పరుగెత్తాను.

“పాసైన అవ్వా!”

అమ్మ లేచి నిలబడింది. వేళ్ల మధ్య మూడు గులాబీలున్నాయి. రెండు చేతులూ చాచింది, పూలు జారి మట్టిలో పడ్డాయి. పక్కామె వాటిని ఏరి అందించబోయింది.

“ఉండనియ్యక్కా,” అన్నది అమ్మ, నన్ను వదలకుండా. “జర నా బిడ్డను పట్టుకోనియ్యి.”