చివరి పేజీ కోసం సూరత్‌కు

అన్న మీద రాస్తున్న కథకు చివరి పేజీ కుదరక సూరత్ బయలుదేరాను. అన్న అక్కడ మరమగ్గాల మీద నేసేవాడు. కరోనా రెండో వేవ్‌లో పోయాడు. అప్పుడు వెళ్లలేకపోయాను. అతని ఆఖరి ఉదయాన్ని ఊహించి రాశాను. పాఠాలు చెప్పడానికి స్కూలుకు వెళ్లేముందు, తెల్లవారుజామున గంటసేపు రాయడం నా అలవాటు. ఆ నెలల్లోనూ మానలేదు. తిరగరాసిన ప్రతిసారీ ఆ పేజీ ఇంకాస్త అందంగా తయారైంది. నమ్మబుద్ధి మాత్రం కాలేదు. వదినకు వినిపించాలనుకున్నాను. ఆమె సూరత్‌లోనే పుట్టి గుజరాతీలో చదువుకుంది. తెలుగు మాట్లాడుతుంది కానీ చదవడం రాదు.

సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం మూడింటికి రాజ్‌కోట్ రైలు ఎక్కాను. రిజర్వేషన్ లేనిదే ఎక్కనివ్వడం లేదు. రైల్లో భోజనం అమ్మడం లేదు, తిండి వెంట తీసుకెళ్లాలి. ఎదురు సీట్లో పనికి తిరిగి వెళ్తున్న సిరిసిల్ల ఆమె నా కాగితాల వైపే చూస్తోంది.

"ఏం రాస్తున్నవమ్మా?"

"కథ."

"పైసలస్తయా?"

"పెద్దగా రావు."

మాస్కు గడ్డం కిందికి లాగి నవ్వింది. "మరి గింత కొట్టేసుడెందుకు? మా సాంచెల కాడ గిట్ల ఖరాబ్ చేస్తే సేటు ఇంటికి పంపుతడు."

సాంచెలంటే మరమగ్గాలు. నేను అప్పటికి సగం పేజీ కొట్టేసి ఉన్నాను.

ఉదయం ఎనిమిదికి సూరత్‌లో దిగి, షేర్ ఆటోలో కోసాడ్ చేరాను. వదిన ఇల్లు హౌసింగ్ కాలనీలో మూడో అంతస్తు. కిచిడీ పెట్టింది. తిన్నాక కథ వినమన్నాను.

చీర అంచుకు రాళ్లు అతికిస్తూ వింది. అది ఆమె ఇంటికి తెచ్చుకునే పని. కథలో అన్న కిటికీలోంచి ఎండను చూస్తూ, అందరినీ క్షమించినట్టు నవ్విన చోట గమ్ ట్యూబు కింద పెట్టింది.

"గీయన ఎవరు?"

"అన్నే, వదినా."

"మీ అన్న గంత నిమ్మళంగ ఎన్నడన్న ఉన్నడా? అంబులెన్స్ అచ్చేముందు చాయ్ ఇస్తే గిలాస నూకేసిండు. నా చీరంత ఖరాబయింది."

"పోయినవాళ్ల గురించి అట్లా రాస్తే ఏం బాగుంటుంది?"

"బాగుండెతందుకు గోడకు ఫొటో ఉన్నది గద," అని మళ్లీ ట్యూబు తీసుకుంది. ఇంకో రాయి అతికించి, "నాకు గాయన యాదికొస్తడు. నువ్వు రాసినాయన రాడు," అంది.

సాయంత్రం డుమస్ బీచ్‌కు వెళ్లాం. టమాటా బజ్జీలు వేడిగా ఉన్నాయి. సముద్రం బురదకు అవతల ఎక్కడో ఉంది. మర్నాడు తెల్లవారుజామున వంటింటి గచ్చు మీద కూర్చున్నాను కానీ, ఆ పేజీ చింపడానికి చేయి రాలేదు. అన్ని నెలల పని.

మధ్యాహ్నం తిరుగు రైలు ఎక్కాను. సూరత్ గురించి నేను చెప్పగలిగింది తక్కువ. ఒక ఇల్లు చూశాను, ఒక మనిషి మాట విన్నాను. వెళ్లిన పనికి అది చాలింది. వాపీ దాటాక పేజీ చింపేశాను. కొత్త కాగితం మీద అన్న గ్లాసు నెట్టేశాడు. నెడుతూ ఏమన్నాడో తెలియక కలం ఆగింది. వదినకు ఫోన్ చేశాను.

"అప్పుడేమన్నాడు వదినా?"

గట్టిగా నవ్వింది. "'గిది చాయా, సాంచెల పోసే నూనెనా' అన్నడు." నవ్వు మధ్యలో ఆగింది. "గంతే. అటెన్క మాట్లాడలే."

ఆ మాట ఉన్నదున్నట్టు రాశాను. దాని తర్వాత ఏమీ కలపలేదు.